మేర: కొలతా, హద్దా?

ప్రభుత్వ ప్రకటనలలోనూ వార్తాపత్రికలలోనూ నిత్యం కనిపించే మాట ఒకటి వుంది. "ఈ మేరకు ఉత్తర్వులు వెలువడినవి." "అవసరమైన మేరకు నిధులు మంజూరు చేయబడును." "సాధ్యమైనంత మేరకు సహాయం అందించగలము." చదివేవారు ఈ మాట దగ్గర ఆగరు. ఎంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పినట్టే చెప్పి, నిజానికి ఏమీ చెప్పకుండా తప్పుకోవడానికి కార్యాలయాలవారికి ఇంతకంటె అనువైన మాట తెలుగులో మరొకటి లేదు. అవసరమైన మేరకు అన్నప్పుడు ఆ అవసరం ఎవరిది? మేర నిర్ణయించేది ఎవరు? ఆ ప్రశ్న వేసేవారు అరుదు.

నేను చరిత్ర శాఖవాణ్ణి కాను. కళాశాలలో తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. మాటలకు అర్థం చెప్పడం నా వృత్తి. కాని కొన్ని మాటల అర్థం నిఘంటువులో తేలదు. కళ్లంలో తేలుతుంది, కచేరీలో తేలుతుంది. మేర అటువంటి మాట. ఇంత అని పరిమాణం చెప్పే మాట ఇది. ఇంతవరకే అని హద్దు చెప్పే మాట కూడా ఇదే. మన గ్రామాలలో శ్రమజీవికి ముట్టే గింజల పేరూ ఇదే. ఈ మూడు అర్థాలూ ఒక మాటలో ఇమడడం భాషలో జరిగిన కాకతాళీయం కాదనీ, మన గ్రామీణ ఉత్పత్తి సంబంధాల చరిత్ర అంతా ఆ మాటలో ముడుచుకుని వుందనీ నా అభిప్రాయం. దానిని విప్పి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాట పుట్టుక చూద్దాం. ప్రాకృతంలో "మేరా" అంటే హద్దు, మర్యాద. తెలుగులో హద్దు అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పొలిమేర అన్న మాటలో వున్నది ఈ మేరే. కనుచూపుమేర అంటే చూపు ఆగిపోయే చోటు. మేర మీరాడంటే హద్దు దాటాడని. పొరుగు భాషలలోనూ ఇది వుంది. కన్నడంలో "మేరె" అంటే ఎల్ల. "మేరెగె" అంటే మన "మేరకు" వంటిదే. తమిళంలో "మేరై" హద్దును చెబుతుంది, గ్రామ సేవకులకు పంటలో ఇచ్చే ధాన్యాన్నీ చెబుతుంది. కుంపిణీవారి రెవిన్యూ కాగితాలలో ఈ రెండవ అర్థం తరచు కనిపిస్తుంది. విల్సన్ పండితుడు 1855లో ప్రచురించిన న్యాయ, రెవిన్యూ పదకోశంలో కూడా ఈ మాటకు చోటు దొరికింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ప్రాకృతపు మేరకు సంస్కృతంలో సమానార్థకం మర్యాద. మర్యాద అన్నా మొదటి అర్థం హద్దే. సముద్రానికి చెలియలికట్ట మర్యాద. ఆ తరువాత అది ఆచారమైంది. విజయనగర కాలపు శాసనాలలో "పూర్వమర్యాద" అంటే వెనుకటినుంచి వస్తున్న కట్టుబాటు. ఆ తరువాత గౌరవమైంది. ఆలయంలో ఎవరికి ముందు తీర్థం ఇవ్వాలి, ఎవరికి పరివట్టం కట్టాలి అన్నవి "మర్యాదలు" అయినవి. హద్దు అన్న ఒకే భావం నుంచి రెండు మాటలు బయలుదేరినవన్నమాట. ఒకటి గుడిలోకి వెళ్లింది, ఒకటి కళ్లంలోకి వెళ్లింది. పెద్దలకు ముట్టవలసినది మర్యాద అయింది. పనివాడికి ముట్టవలసినది మేర అయింది. ఈ పంపకం చేసినది వ్యాకరణం కాదు.

కళ్లం సంగతి ఇప్పటి విద్యార్థులలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కోసిన పైరును కుప్పలు వేసి, నూర్చి, తూర్పారబట్టిన తరువాత గింజలను రాశి పోస్తారు. పరిమాణానికి మనం వాడే రాశి అన్న మాటకు ఇదే కంటికి కనిపించే రూపం. వాసి, రాశి అంటూ గుణాన్నీ పరిమాణాన్నీ జతగా చెప్పుకునే అలవాటు మనది. ఆ రాశి మీద తడిమట్టితోనో బూడిదతోనో ముద్రలు వేసి తలారిని కాపలా పెట్టేవారు. సర్కారు భాగం తేలకముందు పండించినవాడైనా సరే దానిని తాకడానికి వీలులేదు. కొలత మొదలుపెట్టినప్పుడు "ఒకటి" అనరు, "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు అంటూ లెక్క సాగుతుంది. ఆ లాభం ఎవరిదో మాత్రం ఎవరూ అడగరు.

కొలిచే పాత్రలకు ఒక వరస వుండేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. వినడానికి ఎంత పకడ్బందీగా వుందో చూడండి. కాని ఈ ఊరి కుంచం ఆ ఊరి కుంచం కాదు. ఒక్క ఊరిలోనే పుచ్చుకునే కుంచం వేరు, ఇచ్చే కుంచం వేరుగా వుంచుకున్న మోతుబరులు వున్నారు. పాత్ర ఒకటే అయినా కొలత ఒకటి కాదు. గోపురంలా పోసి కొలిస్తే ఒక లెక్క. అంచు మీద అరచేయి రాసి సమం చేస్తే మరొక లెక్క. ఆ అరచేతి విసురులో ఒక కుటుంబం రెండు పూటల గంజి పోతుంది.

మరి పనివారికి? వారి కొలతలు చాలావరకు ఈ వరసలోకే రావు. చారెడు, దోసెడు, గుప్పెడు, చేటెడు, మోపెడు. ఇవన్నీ శరీరంతోనో చేతిలోని పనిముట్టుతోనో కొలిచే కొలతలు. దోసెడు అంటే ఎవరి దోసిలి? ఇచ్చేవాడిదా, పుచ్చుకునేవాడిదా? ఈ ఒక్క ప్రశ్న చాలు, గ్రామంలో అధికారం ఎక్కడ వుందో తెలియడానికి. పుట్టికీ తూముకీ ముద్ర వుంటుంది, సాక్షి వుంటాడు, కరణం లెక్క వుంటుంది. దోసెడుకు ఇచ్చేవాడి దయ తప్ప మరే ప్రమాణమూ లేదు. దొరలు కొలుచుకునేటప్పుడు గణితం, కూలివాడికి పోసేటప్పుడు దయ. ఇదీ ఆనాటి కొలతల శాస్త్రం.

అయితే మేరను వట్టి దయగా లెక్కకట్టడం కూడా పొరపాటే. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, తోలుపని చేసే మాదిగ, నీరు కట్టే నీరటికాడు, తలారి, వీరందరికీ పంట మీద హక్కు వుండేది. ఇన్ని నాగళ్లకు ఇంత అని వడ్రంగికీ కమ్మరికీ ఏటేటా ముట్టేది. నాగలి చెక్కినరోజున డబ్బు ఇవ్వరు, కర్రు కాల్చినరోజున డబ్బు ఇవ్వరు. పంట ఇంటికి చేరకముందు కళ్లంలోనే వారి భాగం తీయాలి. రాయలసీమలోనూ తెలంగాణంలోనూ దీనినే ఆయం అన్నారు, పుచ్చుకునేవారు ఆయగాండ్రు. ఈనాడు ప్రభుత్వాలు "ఆయవ్యయాలు" అని శాసనసభలలో చదివే లెక్కలో మొదటి మాట ఇదే. ఉత్తర సర్కారులలో పంటను పాళ్లు వేసే పద్ధతి నడిచినచోట, ఈ మేరలను మొత్తం రాశిలోనుంచి తీసిన తరువాతనే సర్కారుకూ రైతుకూ మధ్య పంపకం జరిగేది. అంటే పనివాడి గింజ రాజుగారి గింజకంటె ముందు లేచేది. ఈ సంగతి మనం విస్మరించరాదు. శ్రమకు ప్రతిఫలం యజమాని మిగులులోనుంచి కాక ఉత్పత్తి మొత్తంలోనుంచి తీయాలన్న సూత్రం, ఎంత వికృత రూపంలోనైనా సరే, అందులో వుంది.

1812లో బ్రిటిషు పార్లమెంటు ముందుకు వచ్చిన ఐదవ నివేదికలో మన దక్షిణాది గ్రామాన్ని వర్ణించే భాగం ఒకటి వుంది. పటేలు, కరణం, తలారి, తోటి, పొలిమేర కాపరి, చెరువుల పర్యవేక్షకుడు, పురోహితుడు, పంతులు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి అంటూ గ్రామ సిబ్బందిని అందులో వరసగా పేర్కొన్నారు. 1853 జూన్‌లో న్యూయార్కు పత్రికకు భారతదేశంలో బ్రిటిషు పాలన గురించి రాసిన వ్యాసంలో కార్ల్ మార్క్స్ ఈ వర్ణనలోనుంచే పెద్ద భాగం ఉదహరించాడు. ఆ జాబితాలో ఇద్దరిని ప్రత్యేకంగా చూడమంటాను. తోటి పని పంటకు కాపలా కాయడం, పంట కొలిచేటప్పుడు సహాయం చేయడం. పొలిమేర కాపరి పని ఊరి హద్దులను కాపాడడం, తగాదా వచ్చినప్పుడు వాటిని గురించి సాక్ష్యం చెప్పడం. మేర అన్న మాటకు వున్న రెండు అర్థాలకూ, కొలతకూ హద్దుకూ, కాపలా మనుషులు గ్రామ సేవకులే. కుంచం ఎత్తేది వారు. హద్దురాయి ఎక్కడ వుందో కాలితో చూపగలవారు వారు. కాని కుంచం ఎంత వుండాలో, రాయి ఎక్కడ పాతాలో చెప్పే అధికారం వారికి లేదు. తెలిసినవాడికి అధికారం లేదు, అధికారం వున్నవాడికి తెలియవలసిన అగత్యం లేదు.

మన అభ్యుదయ వర్గాలలోనే కొందరు మిత్రులు పాత గ్రామాన్ని తలచుకుని నిట్టూరుస్తారు. డబ్బు లేని రోజులలో అందరికీ అన్నం వుండేదనీ, ఒకరి పని ఒకరికి ఆధారమై బతికారనీ వారి వాదం. 1936లో వైజర్ దొర ఉత్తర హిందూస్థానపు గ్రామాన్ని పరిశీలించి జజ్మానీ పద్ధతి మీద పుస్తకం రాసిన తరువాత ఈ పరస్పర సహకార సిద్ధాంతానికి పాండిత్య గౌరవం కూడా దక్కింది. వీరికి మార్క్స్ అదే వ్యాసంలో జవాబు చెప్పి వున్నాడు. ఈ చిన్న సమాజాలు కులభేదాలతోనూ బానిసత్వంతోనూ కలుషితమైనవని ఆయన దాచకుండా రాశాడు. సహకారం నిజమే. కాని ఆ సహకారంలో ఒకరు మేర ఇచ్చేవారు, ఒకరు మేర ఎరిగి మసలుకునేవారు. గింజలు పుచ్చుకున్న చేయి ఊరిబావి చేద ముట్టకూడదు. పంటలో భాగమున్న కుటుంబానికి ఊరిలో ఇల్లు లేదు, పొలిమేర వైపు వుంది. తనకు ముట్టే పరిమాణాన్ని ఒప్పుకున్నవాడు తనకు గీసిన హద్దును కూడా ఒప్పుకోవాలి. రెండూ కలిసి ఒకే మేర. ఈ ఒడంబడిక మీద ఎవరూ సంతకం పెట్టలేదు గాని, దాన్ని దాటినవాడికి ఏ గతి పడుతుందో ఊరంతటికీ తెలుసు.

రాతలో వున్న కొలతకూ రాతలో లేని కొలతకూ తేడా ఎంతో చూడడానికి ఒక ఉదాహరణ చాలు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దిలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ప్రసిద్ధమైనది. సముద్రం మీద వచ్చే వర్తకులు చెల్లించవలసిన సుంకం ముప్పయింట ఒక వంతు అని, ఏ సరుకు మీద ఎంత అని రాతి మీద చెక్కించారు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే సరుకంతా లాగుకునే పాత అలవాటును మాన్పించారు. మంచిదే. వర్తకుడికి రాజు మాట మీద నమ్మకం కావాలి, రాజుకు వర్తకుడి బంగారం కావాలి. కనుక పరిమాణం రాతికి ఎక్కింది. ఆ రేవుకు సరుకు మోసిన కూలివాడి దోసెడు రాతికి ఎక్కవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఎవరి లెక్క రాసి వుంచారో, ఎవరి లెక్క నోటిమాటగా వదిలేశారో చూస్తే చాలు, ఆ రాజ్యం ఎవరిదో తెలుస్తుంది.

తురుష్కుల పాలనలో రెవిన్యూ భాషకు అరబ్బీ, పారసీ మాటలు వచ్చి చేరినవి. రుసుము, మామూలు, నజరానా, మిరాసీ అన్నవి అటువంటివే. ఇవి కూడా ఆచారంగా ముట్టే మొత్తాలే. వాటి తరువాతి చరిత్ర చూడండి. రుసుము ఇప్పటికీ ప్రభుత్వ రుసుముగా గౌరవంగా బతుకుతున్నది. మామూలు అంటే మొదట ఆచారం, ఆ తరువాత ఆచారంగా అధికారి పుచ్చుకునే డబ్బు. ఇప్పటి అర్థం ఏమిటో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పైవాడు పుచ్చుకునే ఆచారాలన్నీ పేరు మార్చుకునో మార్చుకోకుండానో నిలిచినవి. కిందివాడు పుచ్చుకునే ఆచారం ఒక్కటే, మేర ఒక్కటే, చెల్లింపుగా అంతరించింది. ఎలా అంతరించిందో చూడాలి.

కుంపిణీవారు 1802లో మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు నిర్ణయానికి 25వ రెగ్యులేషను చేశారు. అదే ఏడు కరణాల కోసం మరొక రెగ్యులేషను వచ్చింది. భూమి మీద పన్ను స్థిరంగా రావాలంటే లెక్క రాసేవాడు తమ మనిషి కావాలని వారికి తెలుసు. 1831 నాటి 6వ రెగ్యులేషను వంశపారంపర్య గ్రామోద్యోగాల తగాదాలను సివిలు న్యాయస్థానాల నుంచి తప్పించి రెవిన్యూ అధికారుల చేతిలో పెట్టింది. ఇంతవరకు తగాదా హక్కును గురించినది. ఇక ఆ తరువాత అది పాలనలో ఒక సౌకర్యం విషయం. 1864లో మద్రాసు ప్రభుత్వం గ్రామ సెస్సు చట్టం చేసింది. శిస్తు రూపాయికి ఒక అణా మించకుండా సెస్సు వసూలు చేయాలి. కళ్లంలో గింజల రూపంలో ముట్టే మేరలకు బదులు ఆ సొమ్ములోనుంచి గ్రామోద్యోగులకు జీతాలు ఇవ్వాలి. క్రమంగా జిల్లాలలో ఇది అమలులోకి వచ్చింది.

ఈ చట్టం పెద్ద చరిత్ర గ్రంథాలలో ఒక పంక్తికి కూడా నోచుకోదు. కాని గ్రామంలో అది చేసిన పని చిన్నది కాదు. అంతవరకూ కరణం, మునసబు, తలారి, వెట్టి, చాకలి, కమ్మరి అందరూ ఒకే రాశి మీద ఆధారపడినవారు. పంట పోతే అందరికీ పోయేది. ఇప్పుడు సర్కారుకు కావలసినవారు రొక్కం జీతగాళ్లయ్యారు. సర్కారుకు అక్కరలేనివారు, అంటే నాగలి చెక్కేవాడు, కుండ చేసేవాడు, చెప్పు కుట్టేవాడు, బట్ట ఉతికేవాడు, రైతు గింజల మీదనే మిగిలారు. ఒకే మేర రెండుగా చీలింది. పైసగం జీతం అయింది, కిందిసగం భిక్షకు దగ్గరైంది. 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వచ్చేనాటికి భూమీ, రొక్కమూ, పంటలో భాగమూ అన్నీ ఉద్యోగపు ప్రతిఫలాలుగా న్యాయభాషలో లెక్కకు ఎక్కినవి. ఆ లెక్క పూర్తిగా ముగియడానికి మరొక తొంభై ఏళ్లు పట్టింది. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దుచేసింది. కరణం పదవి పోయిందని పత్రికలన్నీ రాసినవి. చాకలి మేర ఏ ఏట పోయిందో రాసిన పత్రిక లేదు. దానికి రద్దు ఉత్తర్వు కూడా అక్కరలేకపోయింది.

రొక్కం రావడం అభివృద్ధి కాదా అని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. ఔను, అభివృద్ధే. గింజలతో కట్టిన కాలికట్టు రొక్కంతో వదులుతుంది. డబ్బు పుచ్చుకున్నవాడు మరొక ఊరు పోగలడు. గింజల కోసం పంటదాకా ఆగినవాడు పోలేడు. కాని రొక్కమా గింజలా అన్నది ఎవరు నిర్ణయించారన్నది అసలు సంగతి. గింజల ధర పెరిగినప్పుడు ఆసామికి రొక్కం కూలి ఇవ్వడం లాభం. ధర పడిపోయినప్పుడు గింజల కూలి లాభం. కూలివాడికి సరిగ్గా దీనికి తలకిందులు. కనుక ఏ ఏట ఏది ఇవ్వాలన్న తగాదాలో సంప్రదాయం, అభివృద్ధి అన్నవి రెండూ పైమాటలే. లోపలివి మార్కెట్టు లెక్కలు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మాలపల్లి నవల ప్రచురించారు. అందులో సంగదాసు ప్రాణం తీసినది కూలి తగాదాయే. ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించడానికి కారణాలు అనేకం చెప్పారు గాని, పాలేరు తన మేర తానే అడగవచ్చునన్న ఊహను ఒక తెలుగు కథ అంత బాహాటంగా చెప్పడం ఆనాటి ఏలికలకు మింగుడుపడని సంగతి అని నాకు తోస్తుంది.

నైజాము రాష్ట్రంలో పరిస్థితి మరింత నగ్నంగా వుండేది. అక్కడి దొరల గడీలకు చేసే చాకిరీ పేరు వెట్టి. కులానికొక పని చొప్పున, ఇంటికొక మనిషి చొప్పున, కబురు వచ్చిన క్షణాన పోవలసిందే. సుందరయ్యగారు 1972లో తెలంగాణ సాయుధ పోరాటం మీద వెలువరించిన గ్రంథంలో ఏ కులం ఏమి ఇవ్వవలసి వచ్చేదో వివరంగా నమోదుచేశారు. మేరకూ వెట్టికీ తేడా ఏమిటని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: మేరలో పనికి కొలత వుంది, వెట్టికి మేర లేదు. ప్రతిఫలానికి మేర గీసి పనికి మేర లేకుండా చేయడమే గడీ రాజ్యం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లెవీ ధాన్యం వసూలు వచ్చినప్పుడు కొలత మరొకసారి అధికారి చేతికీ దేశముఖు చేతికీ వెళ్లింది. పెద్ద ఆసాముల పాతరలు నిండుగా వుండగా చిన్న రైతుల గింజలు బండ్లకు ఎక్కినవి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిననాటినుంచి 1951 దాకా సాగిన పోరాటంలో జనం వేసిన మొదటి ప్రశ్న భూమి ఎవరిది అన్నది కాదు. పనికి కొలత ఏది, గింజకు కొలత ఏది అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూ పోతే దారి భూమిదాకా వెళ్లింది.

స్వతంత్రం వచ్చాక కొలతలు మారినవి. 1948లో జమీందారీ రద్దు చట్టమూ కనీస వేతనాల చట్టమూ వచ్చినవి. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో దశాంశ పద్ధతి మొదలై, కుంచం, తూము మెల్లగా అటక ఎక్కినవి. ఏ ఊరైనా కిలో ఒక్కటే, లీటరు ఒక్కటే. దీనిని నేను చిన్న విప్లవం అంటాను. దొరకొక కుంచం వుండే కాలం చట్టంలోనైనా ముగిసింది. 1966 తరువాత ఐ.ఆర్. 8 వంటి వంగడాలు, ఎరువులు, ఆ వెనుక ట్రాక్టర్లు వచ్చినవి. కొయ్య నాగలి పోయాక వడ్రంగికి నాగలి లెక్కన మేర ఎవరిస్తారు? సత్తు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు వచ్చాక కుమ్మరి వాముకు పని ఏది? మేర అన్న చెల్లింపు ఆ విధంగా ఎవరూ రద్దుచేయకుండానే రద్దయింది.

చెల్లింపు పోయింది. మరి హద్దు? అది పోలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. పాత గ్రామంలో పరిమాణమూ హద్దూ ఒకే ఒడంబడికలో రెండు పక్షాలు. పరిమాణం ఇవ్వడం మానుకున్న ఆసామి, న్యాయంగా చూస్తే, హద్దు గీసే అధికారం కూడా మానుకోవాలి. మానుకోలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. గొడవ మొదలైనది తాగునీటి చెరువు దగ్గర. కృష్ణా డెల్టాకు పొరుగున, పచ్చవిప్లవం లాభాలు నిండుగా అందిన ఊరు అది. రొక్కం కూలి వుంది, మిల్లులు వున్నవి, పాత కళ్లాలు లేవు. మేర మీరారన్న కోపం మాత్రం వుంది. ఆ ఏడే పుట్టిన దళిత మహాసభ మన అభ్యుదయవాదులకు ఒక చేదు పాఠం చెప్పింది. ఎంత ఇస్తున్నారన్న ప్రశ్న ఒక్కటే అడిగి, ఎక్కడ నిలబడమంటున్నారన్న ప్రశ్న అడగకపోతే మన లెక్క సగం లెక్కే. కూలి రేటు పెంచమని కరపత్రం వేసినప్పుడు మనం మేరకు వున్న ఒక అర్థాన్నే పట్టుకున్నాం. రెండవ అర్థాన్ని ఊరి చివర వదిలేశాం.

ఇప్పుడు మళ్లీ "మేరకు" అన్న ప్రత్యయం దగ్గరకు వద్దాం. 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం ప్రారంభమైంది. ఆ పనులలో కూలి తవ్విన మట్టి కొలతల మేరకు లెక్కకట్టేవారు. ఒకప్పుడు గింజలను కొలిచారు, ఇప్పుడు గోతిని కొలిచారు. నేల గట్టిదా మెత్తనిదా, ఎండ ఎంత, మట్టి ఎత్తేది ముసలమ్మా పడుచువాడా అన్నది కొలత కర్రకు తెలియదు. కొలిచేవాడు ఎవరు అన్న పాత ప్రశ్న టేపు పట్టుకున్నా టేపు వెనుక నిలిచేవుంది. కాని ఒక తేడా వచ్చింది. అదే పథకంలో భాగంగా మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగినప్పుడు హాజరు పట్టీలను, చెల్లింపు లెక్కలను గ్రామసభలో బిగ్గరగా చదివారు. పలానా మనిషి పేర ఇంత సొమ్ము అని చదివితే, అంత ముట్టలేదు అని ఆ మనిషి లేచి అనగలిగింది. దోసెడు అన్న కొలతకు తరతరాలుగా సాక్షి లేడు. ఇక్కడ ఊరంతా సాక్షి. తప్పులు దొరికినచోట అన్నీ సరిదిద్దారని నేను అనడం లేదు. పరిమాణం రాతికి ఎక్కడమూ, ఆ రాతను పనిచేసినవాడి చెవిన వేయడమూ జరిగిందని అంటున్నాను. మోటుపల్లి వర్తకుడికి 13వ శతాబ్దిలో దొరికిన మర్యాద మట్టి మోసే మనిషికి 21వ శతాబ్దిలో ఒకింత దొరికింది.

కనుక తెలుగు చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటి. మేర అన్న మాటకు పరిమాణం, హద్దు అని రెండు అర్థాలు రాయించి ఊరుకోవద్దు. రెండింటికీ మధ్య వున్న సంబంధం కూడా చెప్పండి. "అవసరమైన మేరకు" అని ఏ కాగితంలో కనిపించినా, దాని పక్కన మూడు ప్రశ్నలు రాయడం పిల్లలకు నేర్పండి: ఎంత? ఎవరు కొలిచారు? కొలిచినప్పుడు పుచ్చుకునేవాడు అక్కడ వున్నాడా? ఈ మూడింటికీ జవాబు దొరికిననాడు మేర కొలతగా మిగులుతుంది. దొరకనంతకాలం అది హద్దే.